నిప్పురవ్వ ఉందా, లేదా?

ఈ వారం చరిత్ర కబుర్లలో ఒక చిన్న నిప్పురవ్వ గురించి చెప్పుకుందాం. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు కొస దగ్గర పుట్టే రవ్వ. దాని ఆయుష్షు సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. అది రాకపోతే మాత్రం ఎంత ఖరీదైన బండి అయినా ఇనప సామానే. ఆ రవ్వ వస్తోందా లేదా అని కనిపెట్టడానికి మనుషులు ఏయే చిన్న పనిముట్లు వాడారన్నదే ఇవాళ్టి కథ.

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. బ్యాటరీ, కాయిల్, ప్లగ్గు పెట్టి రవ్వ పుట్టించాడు. తనకు అన్నిటికంటే కష్టమైన సమస్య ఇదేనని ఆయనే చెప్పుకున్నాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, సుమారు 100 కిలోమీటర్లు, ఆ బండి నడిపింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచిందనీ, రవ్వ తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టిందనీ చెబుతారు. అంటే ఈ చరిత్ర మొదటి పేజీలోనే మెకానిక్కు లేడు, ఇంట్లో సామాను ఉంది!

తర్వాత స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కార్ఖానా ఈ పని చేతికెత్తుకుంది. 1902లో ఆయన దగ్గర పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజి మాగ్నెటోనూ, దానికి సరిపడే ప్లగ్గునూ తయారు చేశాడు. బ్యాటరీతో పని లేకుండా తిరిగే అయస్కాంతం నుంచే రవ్వ. అయితే బండి సామాన్యుడి చేతికి వచ్చింది అమెరికాలో, ఫోర్డు మోడల్ టి తోనే. 1908 నుంచి 1927 దాకా ఈ బళ్ళు కోటిన్నర అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో చాలామంది పల్లెటూరి రైతులు. వాళ్ళకు రిపేరు షాపు మైళ్ళ దూరం.

మోడల్ టి లో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిల్స్ ఒక చెక్కపెట్టెలో ఉండేవి. ఒక్కొక్క కాయిల్ మీద తుమ్మెదలా ఝుమ్మనే చిన్న ఇనప రేకు. ఆ రేకును వేలితో నొక్కిపెడితే దాని సిలిండరుకు రవ్వ ఆగిపోతుంది. ఇంజను ఎగిరెగిరి పడుతుంటే ముందు రెండు రేకుల్ని నొక్కేవారు. మిగిలిన రెండు సిలిండర్లూ సమంగా కొట్టుకుంటే లోపం నొక్కిన జంటలోనే ఉన్నట్టు. అప్పుడు ఆ జంటలో ఒకదాన్ని వదిలి చూసేవారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు బైనరీ సెర్చ్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే! పనిముట్లు రెండు వేళ్ళు, ఒక చెవి. ఆ తర్వాత అనుమానం ఉన్న కాయిల్‌ను పక్కదానితో మార్చి పెట్టేవారు. లోపం కాయిల్‌తో పాటు పక్క సిలిండరుకు పోతే దోషం కాయిల్‌ది. అక్కడే ఉండిపోతే ప్లగ్గుదో తీగదో.

1910 ప్రాంతంలో ఒహాయోలోని డేటన్‌లో చార్ల్స్ కెట్టరింగ్ బ్యాటరీ, పాయింట్లు, ఒకే కాయిల్ ఉన్న పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతి 1970ల దాకా కార్లను ఏలింది. అది స్క్రూడ్రైవర్ల కాలం. ప్లగ్గు తీగ ఊడదీసి ఇంజను ఇనుముకు కాస్త ఎడంగా పట్టుకుని చూడటం. నీలం రంగు రవ్వ టప్‌మని దూకితే మంచిది, పసుపు పచ్చగా నీరసంగా వస్తే అనుమానం. మన ఊళ్ళో చేతక్ స్కూటర్లు ఎరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. పెట్రోల్లో ఆయిలు కలిసే టూ స్ట్రోకు ఇంజను కాబట్టి ప్లగ్గుకు మసి పట్టేది. ప్లగ్గు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, తీగకు తగిలించి, దాని ఒంటిని ఇంజను మీద ఆనించి కిక్కు కొట్టి చూసేవారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బయట గాలిలో రవ్వ కనబడినంత మాత్రాన సిలిండర్ లోపల కూడా వస్తుందని హామీ లేదు. ఎందుకంటే రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, ఎడంతో పాటు గాలి ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుందని 1889లోనే ఫ్రెడరిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు. మామూలు గాలిలో మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు చాలు. సిలిండర్లో నొక్కుకుపోయిన గాలిలో అంతకు ఎన్నో రెట్లు కావాలి. అంచేతనే ప్లగ్గు ఎడం కన్నా బాగా ఎక్కువ ఎడం ఉన్న పరీక్ష ప్లగ్గులు వచ్చాయి. బయట అంత దూరం దూకగలిగిన రవ్వ, లోపల ఒత్తిడిలోనూ దూకుతుందని నమ్మకం.

1970లలో పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. వోల్టేజి ముప్ఫై, నలభై వేలకు పెరిగింది. దానితో పాత స్క్రూడ్రైవర్ విద్య ప్రమాదమైపోయింది. చేతికి గట్టి షాకు కొట్టవచ్చు. దారి లేని రవ్వ కాయిల్ లోపలి ఇన్సులేషన్ను చీల్చుకుపోనూవచ్చు. దగ్గర్లో పెట్రోలు ఆవిరి ఉంటే చెప్పనే అక్కర్లేదు. అంచేత తీగకు తగిలించి, రెండో కొసను క్లిప్పుతో ఇంజనుకు పట్టించే చిన్న టెస్టరే మేలు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి కంప్యూటరే లోపం కనిపెట్టి చెప్పాలన్న నిబంధన వచ్చింది. ఇంజను ఇరుసు తిరిగే లయలో తడబాటును బట్టి ఏ సిలిండర్ తప్పుతోందో అది పసిగడుతుంది. రైతు చెవి చేసిన పనే కదా!

పి0302 అని కోడు వస్తే రెండో సిలిండర్ అని అర్థం. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆ కోడు ఏ సిలిండరో చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, పెట్రోలు అందకపోవడం కావచ్చు. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉండే బండిలో, ఇంజను ఆపి చల్లారాక రెండో కాయిల్ను మూడో దానితో మార్చి నడపండి. కోడు పి0303కి మారితే కాయిలే పోయింది. మారకపోతే కాయిల్ మంచిదే, కొత్తది కొననక్కర్లేదు. మోడల్ టి రైతు చెక్కపెట్టె దగ్గర చేసిన పరీక్షే ఇది, ఒక అక్షరం మారలేదు.

మన ఇళ్ళ వెనక గడ్డి కోసే మిషను చూడండి. అందులో చాలావాటికి ఇప్పటికీ తిరిగే అయస్కాంతంతోనే రవ్వ. వసంతంలో అది మొరాయిస్తే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, టెస్టరు తగిలించి, తాడు లాగి చూపించండి. రవ్వ ఉంటే పెట్రోలు వైపు వెతకాలి, లేకపోతే కరెంటు వైపు. ఇప్పుడు చేతక్ పేరుతోనే 2020 నుంచి ప్లగ్గు లేని ఎలక్ట్రిక్ స్కూటరు అమ్ముతున్నారు. రేపు రవ్వ అక్కర్లేని బళ్ళే ఎక్కువ కావచ్చు. సమస్యను సగానికి చీల్చి, ఒక్కొక్కటే మార్చి చూసే అలవాటు మాత్రం పిల్లలకు ఇచ్చి పోదగ్గ ఆస్తే. అది ఉన్నవాడికి ఎదుటివాడు చెప్పిన బిల్లు కట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడం తెలుస్తుంది.

వచ్చే వారం మరో కబురుతో కలుద్దాం. అంతవరకు సెలవు.