డీజిల్ ఇంజనుకు ఏ రంగు?
(బ్రిటిష్ రైల్వే చేసిన రంగుల ప్రయోగాల చరిత్ర)

ఆఫీసు గోడలకు సున్నం వేయాలా, డిస్టెంపర్ వేయాలా అని తేలడానికి ఫైలు ఎన్ని బల్లలు తిరుగుతుందో మనలో చాలామందికి అనుభవమే. మరి ఒక దేశపు రైల్వే మొత్తం తన కొత్త ఇంజన్లకు ఏ రంగు వేయాలో తేల్చుకోవలసివస్తే? బ్రిటన్‌లో అది తేలడానికి సుమారు పదేళ్ళు పట్టింది. పైకి చిన్న విషయంలా కనిపించే ఈ కథలో ప్రాంతాల పౌరుషం, కంపెనీల జీవన్మరణ సమస్య, పట్టాల మీద పనిచేసే కూలీల ప్రాణాలు కూడా ఇమిడి ఉన్నాయి.

బ్రిటన్‌లో నాలుగు పెద్ద రైల్వే కంపెనీలను 1948 జనవరి 1న జాతీయం చేశారు. దానికి కొద్ది రోజుల ముందే, 1947 డిసెంబరులో, ఎల్.ఎం.ఎస్. కంపెనీ 10000 నంబరు గల డీజిల్ ఇంజనును డెర్బీ వర్క్‌షాపు నుంచి బయటకు తెచ్చింది. ఆ దేశంలో మెయిన్ లైను మీద నడిచిన మొదటి డీజిల్ అదే. ఒళ్ళంతా నలుపు, దానిమీద వెండి రంగు అలంకారం. 1955 జనవరిలో ఆధునికీకరణ ప్రణాళిక వెలువడింది. బొగ్గు ఇంజన్ల స్థానంలో డీజిల్, కరెంటు ఇంజన్లు రావాలన్నారు. 1956లో రూపకల్పన వ్యవహారాలు చూడడానికి ఒక డిజైన్ ప్యానెల్ ఏర్పడింది. అయినా కొత్త డీజిళ్ళకు చాలావరకు పాత ఎక్స్‌ప్రెస్ ఇంజన్ల ముదురు ఆకుపచ్చే వేశారు.

అసలు తమాషా ప్రైవేటు కంపెనీలతో మొదలైంది. రైల్వే ఆర్డరు సంపాదించడానికి అవి నమూనా ఇంజన్లు తయారుచేసి చూపించేవి. వాటి రంగులు పెళ్ళిచూపులకు కట్టిన పట్టుచీరల వంటివి. 1955లో వచ్చిన ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ వారి 'డెల్టిక్' 3,300 హార్స్‌పవర్ ఇంజను. లేత నీలం ఒంటికి ముక్కుమీద మీగడ రంగు చారలు. 1961లో బ్రష్ కంపెనీ 'ఫాల్కన్'కు నిమ్మపచ్చ, గోధుమ రంగులు వేసింది. 1962లో బర్మింగ్‌హామ్ వారి 'లయన్' ఏకంగా తెల్లరంగులో వచ్చింది. ఇంజను షెడ్డులో తెలుపు ఎన్నాళ్ళు తెలుపుగా ఉంటుందో ఎవరైనా ఊహించవచ్చు. చివరకు పెద్ద ఆర్డరు బ్రష్ కంపెనీకి దక్కింది. 512 ఇంజన్లు తయారయ్యాయి, వాటికి రెండు ఛాయల ఆకుపచ్చ వేశారు. లయన్‌ను తయారుచేసిన సంస్థ మూతపడింది. ఆ తెల్ల సింహం ఒంటరిగా మిగిలి తర్వాత తుక్కులో కలిసింది.

ఇక ప్రాంతీయ పౌరుషం విషయం. పశ్చిమ రీజియన్ వారు పాత గ్రేట్ వెస్టర్న్ కంపెనీ వారసులమని గర్వపడేవారు. తక్కిన రీజియన్లు డీజిల్-ఎలక్ట్రిక్ వైపు మొగ్గితే వీరు డీజిల్-హైడ్రాలిక్ పద్ధతిని పట్టుకున్నారు. 1961 నుంచి 1964 వరకు తయారైన 74 ఇంజన్లకు 'వెస్టర్న్' అనే మాటతో మొదలయ్యే పేర్లు పెట్టారు. మొదటిదైన డి1000 'వెస్టర్న్ ఎంటర్‌ప్రైజ్'కు ఎడారి ఇసుక రంగు వేశారు. డి1001కు ముదురు ఎరుపు, అంటే మెరూన్. డి1002 నుంచి డి1004 వరకు ఆకుపచ్చ. డి1015 'వెస్టర్న్ ఛాంపియన్' బంగారు ఛాయగల పసుపుమన్ను రంగులో వచ్చింది. ఇంజను ఆకారం ఒకటే, రంగు మాత్రమే వేరు కనుక ఏది నప్పుతుందో పోల్చి చూడడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చివరకు ఎక్కువ ఇంజన్లకు మెరూన్ ఖాయమైంది. అప్పటి పెట్టెల రంగూ మెరూనే.

ఇంతలో మరో రంగు అందరి ముఖాలమీదికీ వచ్చింది. బొగ్గు ఇంజను దూరం నుంచే పొగతో, చప్పుడుతో తన రాకను చాటుతుంది. డీజిల్ అలా కాదు. లైనుమీద పనిచేసే గ్యాంగ్‌మెన్ తల ఎత్తి చూసేసరికే దగ్గరకు వచ్చేస్తుంది. అందుకని 1962 నుంచి ఇంజను ముఖంమీద చిన్న పసుపు పలక వేయడం మొదలుపెట్టారు. ఆ దశాబ్దం ముగిసేలోగా ముఖమంతా పసుపు వేయడం నియమమైంది. మెరూన్‌కు, ఆకుపచ్చకు అది పొసగుతుందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం. మిగతా రంగులన్నీ చూసేవారి ముచ్చట కోసం, ఈ పసుపు మాత్రం మనిషి ప్రాణం కోసం.

1964లో 'ఎక్స్‌పి 64' పేరుతో కొత్త నమూనా పెట్టెల రైలు తయారైంది. దానికోసం డి1733 ఇంజనుకు కొత్త నీలం వేసి, క్యాబు పక్కన ఎర్రని పలకలో జంట బాణాల గుర్తు పెట్టారు. ఆ గుర్తు గీసినవారు జెరాల్డ్ బార్నీ. 1965 జనవరిలో లండన్‌లో ప్రదర్శన పెట్టి కొత్త రూపాన్ని ప్రజలకు చూపించారు. ఎర్ర పలక పోయింది, నీలం కొంచెం ముదిరింది, జంట బాణాలు నిలిచాయి. 'రైల్ బ్లూ' దేశమంతటా అమలైంది. వెస్టర్న్ ఇంజన్లూ క్రమంగా నీలంలోకి మారాయి. ఒకే రంగువల్ల వర్క్‌షాపులకు సౌకర్యం కలిగింది కానీ, ఏ ప్రాంతపు ఇంజనో రంగు చూసి చెప్పగలిగే ముచ్చట పోయింది.

ఆ ఏకరూపం ఎంతోకాలం నిలవలేదు. 1978లో 56036 నంబరు ఇంజనుకు పెద్ద అంకెలు, పెద్ద బాణాల గుర్తు వేసి మళ్ళీ ప్రయోగం మొదలుపెట్టారు. 1980లలో రైల్వేను వ్యాపార విభాగాలుగా విడదీయడంతో విభాగానికొక రంగు వచ్చింది. ముఖంమీది పసుపు మాత్రం దశాబ్దాలపాటు కదలలేదు. తగినంత వెలుగునిచ్చే హెడ్‌లైట్లు ఉన్న బళ్ళకు పసుపు తప్పనిసరి కాదని 2016లో సడలించారు.

వెస్టర్న్ ఇంజన్లలో చివరివి 1977 ఫిబ్రవరిలో సర్వీసు నుంచి తప్పుకున్నాయి. 74లో ఏడింటిని అభిమానులు కాపాడుకున్నారు. వాటిలో మన 'ఛాంపియన్' డి1015 కూడా ఉంది. అది 2002లో తిరిగి మెయిన్ లైను ఎక్కింది. రిటైరయిన పాతికేళ్ళకు మళ్ళీ డ్యూటీలో చేరిందన్నమాట!

మన దేశంలోనూ వారణాసి కార్ఖానాలో 1964 నుంచి తయారైన డీజిళ్ళకు షెడ్డు షెడ్డుకూ వేరువేరు రంగులు వేసేవారు. కాజీపేట, గుత్తి షెడ్లలో పనిచేసిన కుటుంబాలు మన సభ్యులలో ఉంటే, తమకు గుర్తున్న రంగులను నాలుగు వాక్యాలలో రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. ఫైళ్ళలో లేని చరిత్ర చాలావరకు మన జ్ఞాపకాలలోనే ఉంది.