వడుగ దొరల మధురలో ఒక పరదేశి

సింగానల్లూరు నుంచి వచ్చి మా దగ్గర తెలుగు చదువుకుంటున్న ఒక విద్యార్థి ఒకనాడు పాఠం మధ్యలో లేచి ఇలా అడిగాడు: "సార్, మా వీధిలో పెద్దవాళ్లు మమ్మల్ని వడుగర్ అంటారు. నిఘంటువులో చూస్తే వడుగు అంటే ఉపనయనం అని ఉంది. మేము నాయుళ్లం, మాకు జందెం లేదు గదా?" తరగతి నవ్వింది, మేమూ నవ్వాము. కాని ప్రశ్న మంచిది. దానికి ఆనాడు చెప్పిన సమాధానం గంట కొట్టేసరికి సగంలో ఆగిపోయింది. మిగిలిన సగం ఇక్కడ చెప్పదలచుకున్నాము.

రెండు మాటలకూ సంబంధం లేదు. తెలుగులోని వడుగు సంస్కృత వటు శబ్దానికి వికృతి. తమిళుల వడుగర్ 'వడ', అంటే ఉత్తరం, అనే దిక్కు పేరు నుంచి పుట్టింది. వేంగడం కొండలకు ఉత్తరాన ఉండేవారు వడుగర్. సంగం కవుల నాటికే ఈ మాట ఉంది. మనవాళ్లు విజయనగరం సేనలతో, ఆ తరువాత నాయక రాజులతో దక్షిణానికి వచ్చి మధురలో, కొంగునాట, తిరునెల్వేలి నల్లరేగళ్లలో స్థిరపడ్డాక కూడా పేరు మారలేదు. దక్షిణాన ఎన్ని తరాలు కాపురమున్నా ఉత్తరాదివాళ్లమే అయ్యాము.

ఈ పేరు మనకు తెలియకుండానే సముద్రాలు దాటిపోయింది. ముత్యాల తీరంలో పరవల మధ్య పనిచేసిన ఫ్రాన్సిస్ జేవియర్ 1544లో రాసిన లేఖలలో, ఉత్తరం నుంచి వచ్చి తీరగ్రామాలను దోచిన సేనలను 'బడగలు' అని పేర్కొన్నాడు. తమిళ వకారం పోర్చుగీసు రాతలో బకారమైంది. కన్నడంలో ఉత్తర దిక్కును చెప్పే మాట కూడా బకారంతోనే మొదలవుతుంది. ఆ తరువాత జెసూయిట్ గురువులు తెలుగు భాషనే 'బడగ భాష' అని రాస్తూ వచ్చారు. నీలగిరి కొండలలో ఉండే బడగలు వేరు, వారి భాష కన్నడానికి దగ్గరిది. పాత లేఖలు చదివే విద్యార్థులు ఇక్కడ పొరబడడం మేము ఎన్నోసార్లు చూశాము.

ఆ లేఖలు మనకెందుకు అనవచ్చు. క్రీ.శ. 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో తెలుగు ఎంత సజీవంగా ఉండేదో చెప్పడానికి రాయవాచకం ఒక్కటి చాలు. ఆ వచన గ్రంథం ఆ కాలంలో, మధురలోనే పుట్టిందని ఫిలిప్ వాగనర్ 1993లో వెలువడిన తన పుస్తకంలో వాదించాడు. కాని అందులో ఉన్నది కృష్ణదేవరాయల కథ. మధుర వీధిలో ఎవరు ఏ భాష మాట్లాడేవారో, ఎవరింట్లో ఎవరు భోంచేసేవారో, పరదేశి కనిపిస్తే ఏమనేవారో మన కవులు రాయలేదు, వారికి ఆ అవసరమూ లేదు. ఆ అవసరం పడినవాడు ఒక ఇటలీ యువకుడు. అతడికి అది బతుకుతెరువు సమస్య.

రాబర్ట్ డి నోబిలీ 1577లో ఉన్నత కుటుంబంలో పుట్టాడు. కార్డినల్ బెల్లార్మిన్‌కు దగ్గరి బంధువు. ఇంటివారి ఇష్టానికి విరుద్ధంగా జెసూయిట్ సభలో చేరి, 1605లో గోవాలో దిగి, జబ్బుపడి, కోలుకొని, తీరంలో తమిళం మొదలుపెట్టి, 1606 నవంబరులో మధుర చేరాడు. అప్పటికి అతడికి ఇరవై తొమ్మిదేళ్లు. ఊళ్లో అప్పటికే గొంసాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు ఉన్నాడు. ఒకప్పుడు సిపాయి, వయసు మళ్లినవాడు. ఒక చిన్న గుడి, ఒక బడి, ఒక వైద్యశాల నడుపుతూ, వ్యాపారానికి తీరం నుంచి వచ్చే పరవ క్రైస్తవులను చూసుకుంటున్నాడు. పదేళ్లు దాటినా మధుర వాసి ఒక్కడూ అతడి మతంలో చేరలేదు.

కారణం ఏమిటని కొత్తగా వచ్చిన యువకుడు విచారించాడు. సమాధానం ఒక్క మాటలో దొరికింది: పరంగి. ఫ్రాంకులనే ఐరోపా జాతి పేరు అరబ్బీ, పారసీకాల మీదుగా మన దేశానికి వచ్చి తెలుగులో ఫిరంగి అయి, చివరకు మనుషులను వదిలి తోపును పట్టుకుంది. గుంటూరు జిల్లా ఫిరంగిపురం పేరులోనూ ఆ మాటే వినిపిస్తుంది. తమిళంలో మాత్రం పరంగి మనుషులను అంటిపెట్టుకొనే ఉంది. ఆనాటి మధురలో పరంగి అంటే గోమాంసం తినేవాడు, కల్లు తాగేవాడు, స్నానం చేయనివాడు, ఎవరితోనైనా కలిసి కూర్చునేవాడు. విచిత్రమేమంటే గురువులకు ఈ సంగతి తెలియనే లేదు. జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు 'పరంగి కులంలో చేరతావా' అని వారే అడుగుతున్నారు! క్రైస్తవుడవడమంటే పరంగి కావడమేనని ఊరు అనుకోవడంలో ఊరి తప్పేమీ లేదు.

ఆ ఒక్క మాటను ఒంటి మీద నుంచి వదిలించుకోవడానికే నోబిలీ తన దినచర్యనంతా కొత్తగా కట్టుకున్నాడు. నల్ల అంగీ తీసేశాడు, తోలు చెప్పులు విడిచాడు. కావిరంగు వస్త్రం, పైన ఉత్తరీయం, కాళ్లకు పావుకోళ్లు, చేతిలో వెదురు కర్ర, కమండలం. ఫెర్నాండెజ్ ఇంటినుంచి వేరుపడి వేరే వాడలో ఇల్లు తీసుకున్నాడు. వంటకు బ్రాహ్మణుణ్ణి పెట్టుకున్నాడు. రోజుకు ఒక్కపూట భోజనం, అన్నం, కూర, పాలు, అంతే. మాంసం, చేప, గుడ్డు, ద్రాక్షసారా ఏవీ ఇంట్లోకి రావు. పూజలో వాడే ద్రాక్షరసం సంగతి వేరు. పొద్దున్నే స్నానం, నొసట గంధం, ఇంటిలోపలే పూజ, తరువాత చదువు. చూడవచ్చినవారిని వెంటనే లోపలికి పంపేవారు కాదు. అయ్యవారు ధ్యానంలో ఉన్నారనో, చదువుకుంటున్నారనో చెప్పి, రెండు మూడుసార్లు తిప్పి, చివరికి లోపలికి పిలిచేవారు. వచ్చినవారికి చాప మీద పద్మాసనం వేసి కూర్చున్న సన్యాసి కనిపించేవాడు. తాను పరంగిని కానని, రోము నగరపు దొరల ఇంటిలో పుట్టి సన్యసించినవాడినని చెప్పుకున్నాడు. తమిళులు అతణ్ణి తత్వబోధకస్వామి అన్నారు.

దీన్ని వేషం అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా అభిప్రాయం వేరు. వేషానికి విరామం ఉంటుంది. తెర వెనక్కు పోగానే రంగు కడుక్కోవచ్చు. ఇతడు దాదాపు నలభై ఏళ్లు ఈ దేశపు తిండి తిని, ఈ భాషలలో ఆలోచించాడు. అయితే ఆ జీవితానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మరో ప్రశ్న. దానికి తరువాత వద్దాము.

చదువు సంగతి మన విద్యార్థులకు ముఖ్యం. మధురలో ఒక భాషతో పని గడవదని నోబిలీ త్వరగానే గ్రహించాడు. వీధిలోనూ బడిలోనూ తమిళం. కొలువులో, సేనానుల ఇళ్లలో 'బడగ'. శాస్త్రచర్చలో సంస్కృతం. మూడింటినీ పట్టుకున్నాడు. ఫెర్నాండెజ్ బడిలో పాఠాలు చెప్పే హిందూ ఉపాధ్యాయుడితో రోజుకు నాలుగైదు గంటల చొప్పున ఇరవై రోజులు వాదించాడు. చివరకు ఆ పంతులే జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఈ ఇరవై రోజులలో ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పారో చెప్పడం కష్టం. పంతులుకు మతం అబ్బితే సన్యాసికి వాదంలో నలిగిన తమిళం అబ్బింది. సంస్కృతానికి శివధర్మ అనే బ్రాహ్మణ పండితుడు గురువయ్యాడు. వేదభాగాలను మూలంలో చదివిన తొలి ఐరోపావారిలో నోబిలీ ఒకడు కావడానికి ఈ పండితుడే కారణం. అక్షరాలు తాటాకు మీద గంటంతో నేర్చుకున్నవాడు అతడు. వాడుక భాషను చెవితో పట్టుకొని ఊరుకోలేదు, లిపితో పట్టుకున్నాడు.

1610లో రాసిన ఒక లేఖలో మధుర విద్యాలయాలను వర్ణించాడు. పదివేలకు పైగా విద్యార్థులు, రెండు మూడు వందల మంది చొప్పున గుంపులుగా, వేర్వేరు గురువుల దగ్గర చదువుతున్నారని, రాజులు ఇచ్చిన మాన్యాలతో వారికి భోజనవసతులు జరుగుతున్నాయని అతడి మాట. అంకెలో కొంత అతిశయం ఉన్నా ఉండవచ్చు. అయినా తెలుగు రాజులు తమిళ నగరంలో సంస్కృత విద్యకు అన్నం పెట్టడం, దాన్ని ఒక ఇటలీవాడు తన పెద్దలకు రాసి పంపడం అనే ఈ ఒక్క దృశ్యంలో ఆనాటి మధుర అంతా ఉంది.

ఇంతకూ ఆ తెలుగు రాజులు కూడా పైనుంచి వచ్చినవారే. వారికి వడుగర్ అన్న పేరుంది, ఇతడికి పరంగి అన్న పేరుంది. రెండూ స్థానికులు వచ్చినవారికి పెట్టిన పేర్లే. తేడా ఏమంటే వడుగర్ చేతిలో కోట ఉంది కాబట్టి పేరును మార్చుకోవలసిన అగత్యం వారికి పడలేదు. వారు తమ భాషను ఇంట్లోనూ కొలువులోనూ ఉంచుకొని మీనాక్షి గుడికి మండపాలు కట్టించారు. నోబిలీ చేతిలో ఏమీ లేదు. అందుకే అతడు ఆహారం, వస్త్రం, భాష, పేరు అన్నీ మార్చుకొని ఒక్క విశ్వాసం మాత్రం నిలుపుకున్నాడు.

ఇక మూల్యం సంగతి. నోబిలీ పరంగిని కాననగానే మధుర క్రైస్తవం రెండు ముక్కలైంది. పై కులాలవారికి ఒక గుడి, పరవలకు ఒక గుడి. ఒకే సభకు చెందిన ఇద్దరు గురువులు ఒకే ఊళ్లో ఉండి కలిసి భోంచేయలేని స్థితి వచ్చింది. ఫెర్నాండెజ్ తన పైవారికి ఫిర్యాదు చేశాడు. చరిత్ర గ్రంథాలు చాలావరకు ఈ ముసలాయనను అసూయాపరుడిగా, అజ్ఞానిగా చూపిస్తాయి. అది న్యాయం కాదు. బ్రాహ్మణుల ఆచారాల మీద 1616లో పోర్చుగీసులో ఒక గ్రంథం రాసినవాడు ఆయన. తనను నమ్ముకున్న పరవలను విడిచి మరో వాడకు పోనివాడు. పరంగి అన్న పేరును నెత్తిన మోసి ఆ పేరుతోనే ఉండిపోయాడు. యువకుడి ప్రతిభ ముందు ఆయన మందకొడిగా కనిపించవచ్చు. కాని ఫలానావారితో కలిసి కూర్చుంటావా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ యువకుడి కంటే ఆయన సమాధానమే సూటిగా ఉంది.

తగాదా గోవాకు, గోవా నుంచి రోముకు పోయింది. జందెం, పిలక, గంధం, స్నానం: వీటిని క్రైస్తవులైనవారు ఉంచుకోవచ్చునా లేదా? తన బంధువు హిందువైపోయాడన్న పుకారు విని బెల్లార్మిన్ నొచ్చుకున్నాడు, తరువాత వివరణ చదివి సమాధానపడ్డాడు. 1619లో గోవాలో సభ జరిగింది. 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగొరీ నోబిలీకి అనుకూలంగా తీర్పు ఇచ్చాడు. ఆ ఏడే అతడు మధుర విడిచి కాలినడకన సేందమంగలం, సేలం వైపు బయలుదేరాడు. కింది కులాలవారి కోసం పండారస్వాములు అనే వేరే గురువుల వరుస 1640 తరువాతగాని ఏర్పడలేదు. అదీ వేరుగానే.

మన కోయంబత్తూరు వైపుకు ఈ మిషన్ సత్యమంగలం దారిన వచ్చింది. సింగానల్లూరుకు ఈశాన్యంగా, అవినాశి రోడ్డు మీద ఉన్న కరుమత్తంపట్టి గుడి 1640 నాటిదని అక్కడివారు చెప్పుకుంటారు. రెండు వందల ఏళ్ల తరువాత ఆ ఊళ్లోనే మరో యువకుడు ఇవే చిక్కులు పడ్డాడు. ఫ్రెంచివాడైన మారియన్ బ్రెసియాక్ 1842లో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో వచ్చి, 1846లో కరుమత్తంపట్టిలో బిషప్ అయ్యాడు. స్థానికులను గురువులుగా తయారుచేయాలన్న పట్టుదల ఒకవైపు, కులాచారాల విషయంలో మనస్సాక్షి ఒప్పుకోకపోవడం మరోవైపు. చివరకు పదవి విడిచి స్వదేశం పోయి, ఆఫ్రికా కోసం కొత్త సభ స్థాపించి, 1859లో ఫ్రీటౌన్‌లో దిగిన కొద్ది వారాలకే జ్వరంతో చనిపోయాడు. అతడి కథ మరోసారి వివరంగా చెప్పదగినది.

నోబిలీని 1640లో మధురలో నిర్బంధించారు. ఆ చెర ముగిసిన కొన్నేళ్లకు అతడు మధురకు దూరమై, చూపు మందగించి, మైలాపూరులో శిష్యుల చేత రాయిస్తూ 1656 జనవరి 16న మరణించాడు. అతడు వాడుకలోకి తెచ్చిన మాటలు అతడి కంటే ఎక్కువ కాలం బతికాయి. దేవుడికి సర్వేశ్వరన్, ఆరాధనకు పూసై, ప్రార్థనాలయానికి కోవిల్. పద్దెనిమిదో శతాబ్ది తొలినాళ్లలో ఫ్రెంచి జెసూయిట్లు ఇదే కావి బట్టతో, ఇదే శాకాహారంతో పుంగనూరు ప్రాంతానికి చేరారు. ఈనాటికీ తెలుగు కతోలిక కుటుంబాలలో సర్వేశ్వరుడు, పూజ, గుడి అన్న మాటలు వినిపిస్తాయి. ప్రొటెస్టెంటుల ఇళ్లలో దేవుడు, ఆరాధన, చర్చి అంటారు. ఒకే భాష మాట్లాడే రెండు ఇళ్ల మధ్య ఉన్న ఈ భేదానికి మూలం వెదికితే మధురలోని ఆ వేరు వాడ దాకా పోవాలి.

ఇదంతా విన్న మా సింగానల్లూరు విద్యార్థికి మేము ఒక పని అప్పగించాము. ఇంట్లో అవ్వ వాడే మాటలలో తమిళులకు అర్థం కానివి, ఆంధ్రదేశం వారికీ అర్థం కానివి విడిగా రాసుకురమ్మన్నాము. మరుసటి వారం నాలుగు పుటల జాబితా తెచ్చాడు. మాటలన్నీ తెలుగు, రాత అంతా తమిళ లిపి. తిరిగి తెలుగులో రాయమంటే, అవ్వకు చదివి వినిపించాలంటే ఎలాగూ నోటితోనే గదా సార్ అన్నాడు. మొదటి పుట వరకు ఆ గంటలోనే, మా ఎదుటనే, ఒక్కొక్క అక్షరం అడుగుతూ రాశాడు.