మనుషులు లేని కొండలకు ప్రభువుల పేర్లు

స్థలనామాలు చరిత్రకు ఆధారాలని శాసన పరిశోధకులు మనకు చాలాకాలంగా చెపుతూనే వున్నారు. పల్లె, పాడు, కుంట, చెరువు, గూడెం అన్న మాటలు తోకలుగా వున్న మన ఊళ్ళపేర్లు చూడండి. వాటిలో చెట్టువుంది, నీరువుంది, కులంవుంది, వృత్తివుంది. వాటిని పెట్టినవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. అక్కడ బతికిన జనమే పెట్టుకున్నారు. రాజుల పేర్లతో వెలసిన పురాలూ, సముద్రాలూ లేకపోలేదు. కాని వాటినికూడా జనం తమ నోటికి అనువుగా అరగదీసుకున్నారు.

అయితే మనిషి ఎన్నడూ కాపురముండని చోట పేర్లు ఎట్లా పుడతాయి? జనమే లేనప్పుడు పేరుపెట్టే అధికారం ఎవరిది? నేను భూగోళ శాస్త్రజ్ఞుణ్ణి కాను, సాహిత్యం చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ ప్రశ్నకు సమాధానం కోసం అంటార్కిటికా పటం ముందు కూర్చున్నాను. అక్కడ సముద్రపు టంచున వున్న ఒక పర్వతశ్రేణి చాలా స్పష్టమైన సమాధానమే ఇచ్చింది. దాని పేరు అడ్మిరాల్టీ పర్వతాలు. అడ్మిరాల్టీ అంటే బ్రిటిష్ నౌకాదళాన్ని పాలించిన ప్రభుత్వశాఖ. అంటే ఒక ప్రభుత్వ కచేరీ పేరు కొండలకు పెట్టారన్నమాట!

ఈ శ్రేణి ఉత్తర విక్టోరియాలాండ్‌లో, దక్షిణ అక్షాంశం 71, 72 డిగ్రీల ప్రాంతంలో వున్నది. అంటార్కిటికా ఖండాన్ని రెండుగా చీలుస్తూ సుమారు 3,500 కిలోమీటర్లు సాగే మహాపర్వతపంక్తికి ఇది రాస్ సముద్రం వైపు కొస. ఒకవంక సముద్రం, తక్కిన వైపుల టక్కర్, ఎబ్బె, డెన్నిస్టౌన్ వంటి హిమానీనదాలు దీనికి హద్దులు. ఇక్కడి శిఖరాలు సముద్రానికి దూరంగా ఎక్కడో పీఠభూమిమీద లేచినవి కావు. మంచు తేలే నీటి అంచుకు దగ్గరలోనే మూడు, నాలుగువేల మీటర్ల ఎత్తుకు లేచినవి. అన్నిటికన్నా ఎత్తయిన మింటో శిఖరం 4,165 మీటర్లు. ఆడమ్ శిఖరం 4,010 మీటర్లు. తీరానికి దగ్గరగా శాబైన్, హెర్షెల్ శిఖరాలున్నాయి.

1841 జనవరి 11న జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నౌకాధికారి ఈ కొండలను చూశాడు. ఎరిబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో 1839లో ఇంగ్లండు నుండి బయలుదేరి, దక్షిణ అయస్కాంత ధ్రువాన్ని వెతుకుతూ, తేలే మంచుగడ్డలను చీల్చుకుని అక్కడికి చేరాడు. తెరచాపల ఓడలతో అటువంటి సాహసం సామాన్యమైంది కాదు. ఆ యాత్రవల్ల భూ అయస్కాంత శాస్త్రానికి జరిగిన మేలూ సామాన్యమైంది కాదు. దాన్ని కాదనటం నా ఉద్దేశం కాదు. కాని మర్నాడు, జనవరి 12న, ఆయన చేసిన పని చూడండి. మంచు అడ్డువచ్చి ప్రధాన భూభాగం మీద కాలుపెట్టలేక, పక్కనున్న చిన్న దీవిమీద దిగి, విక్టోరియా రాణి పేరిట ఆ భూమిని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించాడు. ఆ ప్రకటన వినటానికి దీవినిండా కిక్కిరిసి వున్న పెంగ్విన్లు తప్ప వేరే ప్రజలెవరూ లేరు. ఆ దీవులకు ‘పొసెషన్’, అంటే స్వాధీనం, అన్న పేరే నిలిచిపోయింది.

పేర్లు పంచిన తీరు ఇంకా గమనార్హమైంది. లోపలివైపు కనిపించిన ఎత్తైన శిఖరాలకు తనకు ఆజ్ఞలిచ్చిన నౌకాశాఖ ప్రభువుల పేర్లు పెట్టాడు. మింటో ప్రభువు ఆ శాఖకు అధిపతి, ఆడమ్ అందులో పెద్ద నౌకాధికారి. తీరానికి దగ్గరి శిఖరాలను రాయల్ సొసైటీ, బ్రిటిష్ అసోసియేషన్ పండితులకు కేటాయించాడు: శాబైన్, హెర్షెల్, హ్యూవెల్, లబ్బక్. మరి కూడావచ్చిన వాళ్ళకో? హాలెట్ అగ్రం ఎరిబస్‌లో సరుకుల లెక్కలు చూసిన పర్సరుది. మౌబ్రే అఖాతం టెర్రర్‌లోని గుమాస్తాది. రాబర్ట్‌సన్ అఖాతం అదే ఓడ వైద్యుడిది. ఇప్పుడు హిమానీనదానికి వున్న టక్కర్ పేరు మొదట ఒక సముద్రపు పాయకు పెట్టింది. ఆయన ఎరిబస్‌కు మాస్టర్. ప్రభువులు కొండకొమ్మున, పండితులు నడుమ, ఉద్యోగులు నీటి మట్టాన! అడేర్ అగ్రం పేరు పొందిన వైకౌంట్ అడేర్ వంటి మినహాయింపులు లేకపోలేదు. ఆయన రాస్‌కు స్నేహితుడు, పార్లమెంటు సభ్యుడు. అయినా మొత్తంమీద ఆనాటి ఇంగ్లీషు సంఘపు మెట్లన్నీ ఆ తీరంమీద వరసగా కనబడతాయి.

ఇక తెరచాపలెత్తినవాళ్ళూ, మంచు కొట్టినవాళ్ళూ? ఎరిబస్ ఓడలో కార్నీలియస్ సల్లివన్ అనే కమ్మరి వుండేవాడు. ఆయన ఆ యాత్రను గురించి స్వయంగా ఒక వృత్తాంతం వ్రాసిపెట్టాడు. చేత సుత్తె పట్టినవాడు కలంకూడా పట్టగలిగాడు. కాని రాస్ పంచిన శిఖరాల్లో కమ్మరికి వంతు లేదు.

మింటో అన్న పేరు మన విద్యార్థులకు కొత్తది కాదు. ఈ శిఖరపు మింటో రెండవ ఎర్ల్. ఆయన తండ్రి, మొదటి ఎర్ల్, 1807 నుండి 1813 వరకు ఇండియా గవర్నర్ జనరల్. ఆయన మనుమడు, నాల్గవ ఎర్ల్, 1905 నుండి 1910 వరకు వైస్రాయి. మింటో-మార్లే సంస్కరణల మింటో ఆయనే. ఆయన హయాంలోనే 1908లో తిలక్‌ను మాండలే పంపారు, మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని జైలులో పెట్టారు. ఒకే కుటుంబం కలకత్తాలో గద్దె ఎక్కింది, దక్షిణ ధ్రువ ప్రాంతంలో శిఖరమూ ఎక్కింది. నిజంగా ఎక్కిందని కాదు సుమా! ఆ శిఖరంమీద మొట్టమొదట మనిషి కాలుమోపింది 1988లో, ఒక ఆస్ట్రేలియా బృందం పూనికతో. అంటే 147 ఏళ్ళపాటు ఎవరూ తాకని శిఖరానికి, దాన్ని కంటితోనైనా చూడని ప్రభువు పేరు మోస్తూ వున్నదన్నమాట.

అర్ధశతాబ్దం గడిచాక ప్రభువుల సరసకు పెట్టుబడిదారు వచ్చాడు. 1899లో బోర్చ్‌గ్రేవింక్ నాయకత్వాన పదిమంది అడేర్ అగ్రం దగ్గర చలికాలం గడిపారు. ఆ ఖండం నేలమీద చలికాలం గడిపిన మొదటి మనుషులు వాళ్ళు. వారిలో పెర్ సావియో, ఓలె ముస్ట్ అనే ఇద్దరు ఉత్తర నార్వేకు చెందిన సామీ జాతివారు, కుక్కలను నడపటంలో నేర్పరులు. జంతుశాస్త్రజ్ఞుడు నికొలాయ్ హాన్సన్ ఆ అక్టోబరులో అక్కడే మరణించాడు. ఆ ఖండంమీద తొలి సమాధి ఆయనదే. యాత్రకు డబ్బుపెట్టింది లండన్ పత్రికా వ్యాపారి సర్ జార్జి న్యూన్స్. రాబర్ట్‌సన్ అఖాతం వైపు దిగే ఒక హిమానీనదానికి ఆయన పేరు దక్కింది.

“ఎవరి పేరో ఒకటి పెట్టక తప్పదు గదా, నావికులకు గుర్తులు కావద్దా?” అని కొందరనవచ్చు. కావాలి, నిజమే. కాని పేరు గుర్తుతో ఆగలేదు. అది హక్కుపత్రమైంది. రాస్ చూసిన ఆ తీరాన్ని 1923లో బ్రిటన్ ‘రాస్ డిపెండెన్సీ’ అని ప్రకటించి న్యూజీలాండ్ పాలన కింద పెట్టింది. పేరు ముందు, పాలన తరువాత. ఈ వరస మనకు ఎరుగనిది కాదు. అంటార్కిటికా కొద్ది దేశాల సొత్తు కాదనీ, అది ప్రపంచశాంతికి వినియోగపడాలనీ 1956లో ఐక్యరాజ్యసమితి ముందు ఆ ప్రశ్న పెట్టబోయింది మన దేశమే. 1959 ఒడంబడిక ఆ హక్కుల తగాదాను రద్దు చేయలేదు, ఉన్నదున్నట్టు గడ్డకట్టించింది. ఆ తరువాత పేర్లుకూడా కొంత మారాయి. పరిశోధనా స్థావరాల్లో పనిచేసిన వంటవాళ్ళ పేర్లు, విమానాల మెకానిక్కుల పేర్లు అంటార్కిటికా పటంమీదికి ఎక్కాయి. ఇది చిన్న మార్పే కావచ్చు, కాని మంచిమార్పు.

ఈ కథలో మరొక పేరు గురించి చెప్పకపోతే నా వ్యాసం పూర్తికాదు. ఇదే మహాపంక్తిలో బాగా దక్షిణంగా, బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన, 1912లో స్కాట్ బృందం కొన్ని రాళ్ళు ఏరింది. తిరుగుదారిలో వాళ్ళు మరణించినా రాళ్ళను మాత్రం వదలలేదు. వాటిలో గ్లాసోప్టెరిస్ అనే ప్రాచీన వృక్షపు ఆకుల అచ్చులు కనిపించాయి. మన గోదావరి లోయలో బొగ్గుపొరలున్న శిలల్లో దొరికేదీ ఆ వృక్షమే. ఒకప్పుడు కలిసివున్న ఆ దక్షిణ ఖండాలకు 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూస్ వాడిన పేరు గోండ్వానా. అంటే గోండ్ల దేశం. ఏ ప్రభువూ పొందనంత పెద్ద భూమికి ఒక ఆదివాసి జాతి పేరు వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళు గోండ్లను గౌరవించాలని పెట్టలేదు. శిలలు వాళ్ళ నేలలో దొరికాయి కాబట్టి పెట్టారు. 1940లో అదే గోండ్ల భూమికోసం నిలబడిన కొమరం భీమును నిజాం బలగాలు జోడేఘాట్‌లో కాల్చి చంపాయి. శాస్త్రగ్రంథంలో ఖండమంతా వాళ్ళది, తాము దున్నిన నేలకు మాత్రం పట్టా లేదు!

కాబట్టి పేరు దక్కినంతమాత్రాన నేల దక్కదు. నేల దక్కించుకున్నవాడు మాత్రం దానిమీద తన పేరు వ్రాసుకోకుండా వుండడు. జనమున్నచోట ఈ పని పాత పేర్ల చాటున జరుగుతుంది. జనంలేని అడ్మిరాల్టీ పర్వతాలలో ఏ చాటూ లేదు. అందుకే అవి మనం చదవవలసిన కొండలు. కావ్యాన్ని చదివేటప్పుడు కృతికర్త ఎవరు, కృతిపతి ఎవరు అని అడుగుతాం. తరగతి గోడకు వేలాడే పటాన్ని చూసినప్పుడుకూడా ఆ ప్రశ్నే అడగటం మన విద్యార్థులకు నేర్పాలి.