టీవీ కింద చిన్న కంప్యూటర్

కెనడా పాత టీవీలది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 525 గీతలు. ఇండియాది పాల్ పద్ధతి, 625 గీతలు. అందుకే ఊరి నుంచి తెచ్చుకున్న పెళ్లి క్యాసెట్ రిచ్‌మండ్ హిల్‌లో మామూలు వీసీఆర్‌లో సరిగ్గా ఆడేది కాదు. తరువాత డీవీడీ వచ్చింది. దానితో ఇంకో తాళం కూడా వచ్చింది: కెనడా రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. (మన సినిమా డీవీడీలు చాలావాటికి ఈ తాళం వేయలేదు, అదృష్టం!)

కంప్యూటర్‌కి గీతల పట్టింపు లేదు. ఏ పద్ధతి బొమ్మనైనా తన తెరకి సరిపడా మార్చుకుంటుంది. కానీ హాల్లో అంత పెద్ద డబ్బా ఎవరు పెట్టుకుంటారు?

2005 జనవరిలో ఆపిల్ కంపెనీ మ్యాక్ మినీ తెచ్చింది. 6.5 అంగుళాల చదరం, 2 అంగుళాల ఎత్తు, మిఠాయి డబ్బా అంత. ధర 499 అమెరికన్ డాలర్ల నుంచి. 2006లో దానికి రిమోట్ ఇచ్చారు. నా లెక్కలో అంతకంటే పెద్ద మార్పు 2010లో వచ్చిన హెచ్‌డీఎంఐ. బొమ్మకీ శబ్దానికీ ఒకే తీగ. ఇక ఇంట్లో పెద్దవాళ్లు కూడా భయపడక్కరలేదు. 2011లో డిస్క్ పెట్టే చోటు తీసేశారు. అది నాకు నచ్చలేదు. మన ఇళ్లలో వీసీడీలు పెట్టెల నిండా ఉన్నాయి కదా.

2012లో 35 డాలర్లకే రాస్‌ప్‌బెర్రీ పై వచ్చింది. దానిలో ఎక్స్‌బీఎంసీ అనే ఉచిత ప్రోగ్రాం నడిచేది. 2014లో దాని పేరు కోడి అయింది. మన కోడి కాదు!

పెళ్లి క్యాసెట్ ఒక్కటే కష్టం. దానికి ఇప్పటికీ పాల్ క్యాసెట్లు ఆడే వీసీఆర్ కావాలి. టేపు బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మూడు గంటల పెళ్లికి మూడు గంటలూ పడుతుంది.