అరువు అధికారం: సెట్‌యూఐడీ నుంచి డర్టీ కౌ దాకా

ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడేటప్పుడు ఎవరి ఫైళ్ళు వారికే భద్రంగా ఉండాలంటే, యంత్రం మొత్తాన్ని శాసించే అధికారం సాధారణ వినియోగదారులకు అందకుండా ఉండాలి. అందువల్ల మెమరీ, డిస్కులు, ఖాతాలు అన్నిటి మీదా పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌కూ, నిర్వాహకుడి ఖాతాకూ మాత్రమే కట్టబెడతారు. కొద్దిపాటి హక్కులు మాత్రమే ఉన్న వ్యక్తి గానీ, ప్రోగ్రాము గానీ ఏదైనా లోపాన్ని ఆసరా చేసుకొని ఆ పెత్తనాన్ని చేజిక్కించుకోవడాన్నే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. ఈ తరహా లోపాలలో చరిత్రకెక్కినవి అనేకం, పై అధికారాన్ని కింది వారికి అవసరం మేరకు అరువిచ్చే ఏర్పాట్లలోనే పుట్టాయి.

అధికారాన్ని అంతస్తులుగా విభజించవలసిన అవసరం కాలవిభజన పద్ధతితో మొదలయింది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ ఒకే యంత్రం మీద పలువురు ఏకకాలంలో పనిచేసుకొనే వీలు కల్పించింది. దాని వారసురాలైన మల్టిక్స్ అధికారాన్ని ఒకదాని లోపల ఒకటిగా ఉండే వలయాలుగా అమర్చింది. లోపలి వలయాలలోని ప్రోగ్రాములకు హక్కులు ఎక్కువ, బయటి వాటికి తక్కువ. అంత పకడ్బందీగా కట్టిన మల్టిక్స్‌ను పరీక్షించిన అమెరికా వైమానిక దళ నిపుణులు పాల్ కార్గర్, రోజర్ షెల్ దానిలోకి చొరబడడం సాధ్యమేనని 1974 నాటి నివేదికలో నిరూపించారు.

మల్టిక్స్ ప్రాజెక్టు నుంచి 1969లో తప్పుకున్న బెల్ ల్యాబ్స్‌లో, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల మీదుగా యూనిక్స్ రూపుదిద్దుకుంది. అందులో సర్వాధికారాలూ రూట్ అనే ఒకే ఖాతాకు దఖలుపడ్డాయి. అయితే పాస్‌వర్డుల ఫైలును రూట్ తప్ప మరెవరూ మార్చకూడదన్న నియమం ఉన్నప్పుడు, సాధారణ వినియోగదారుడు తన పాస్‌వర్డును తానే మార్చుకోవడం ఎలాగన్న ప్రశ్న తలెత్తింది. దీనికి రిచీ కనిపెట్టిన పరిష్కారం సెట్‌యూఐడీ. ఫైలుకు ఈ గుర్తు ఉంటే, ఆ ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన యజమాని హక్కులతోనే పనిచేస్తుంది. 1973లో దరఖాస్తు చేసిన ఈ ఆవిష్కరణకు 1979లో పేటెంటు లభించింది. యూనిక్స్ విజయానికి తోడ్పడిన ఈ సౌలభ్యం ఒక పెద్ద భారాన్ని కూడా మోపింది: రూట్ హక్కులతో నడిచే ప్రతి ప్రోగ్రామూ, తనను నడుపుతున్న వ్యక్తికి ఏ పని చేసే అర్హత ఉందో తానే సరిచూసుకోవలసి వచ్చింది.

ఆ సరిచూపు లోపిస్తే ఏమవుతుందో 1986లో బర్క్‌లీ ప్రయోగశాలలో బయటపడింది. కంప్యూటరు వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడాను వెంటాడిన అక్కడి నిర్వాహకుడు క్లిఫర్డ్ స్టాల్, జర్మనీ నుంచి చొరబడిన ఆగంతకుడొకడు రూట్ అధికారం పొందాడని గుర్తించారు. ఉత్తరాలను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే మూవ్‌మెయిల్ అనే చిన్న ప్రోగ్రాము అక్కడ రూట్ హక్కులతో నడిచేది. గమ్యస్థానంలో రాసే హక్కు వినియోగదారుడికి ఉందో లేదో అది చూసేది కాదు. కనుక వ్యవస్థ నిర్ణీత వ్యవధిలో తనంతట తానే నడిపే ఫైలు స్థానంలో ఆ ఆగంతకుడు తన ఫైలును పెట్టగలిగాడు. 1988లో నార్మ్ హార్డీ ఈ కోవకు చెందిన లోపాన్నే సిద్ధాంతీకరించారు. తన గణాంకాలు రాసుకొనేందుకు అనుమతి పొందిన ఒక కంపైలర్, వాడుకరి ఇచ్చిన పేరును నమ్మి, అదే అనుమతితో బిల్లుల ఫైలును చెరిపివేసిన ఉదంతాన్ని ఆయన ఉదహరించారు. రెండు వేర్వేరు యజమానుల తరఫున పనిచేసే ప్రోగ్రాము, ఏ పనికి ఎవరి అధికారాన్ని వాడుతోందో ఎరగకపోవడమే అక్కడి మూలదోషం.

ఇటువంటి దోషాలు ఏళ్ళ తరబడి కంటపడకుండా ఉండగలవు. ఒక్కొక్క ఆదేశాన్ని రూట్ హక్కులతో నడిపేందుకు ఉపకరించే సుడో ప్రోగ్రాములో 2011లో చేరిన మెమరీ దోషం 2021 జనవరిలో గానీ వెల్లడి కాలేదు. 2016లో బయటపడిన డర్టీ కౌ, లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న దోషం. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో ఎవరైనా మార్పు చేయబోతే కెర్నెల్ వారికి విడిగా ఒక నకలు ఇవ్వాలి. కానీ రెండు పనులు ఒకే క్షణంలో పోటీపడినప్పుడు ఆ మార్పు అసలు ఫైలులోనే పడేది. దానిని అంతకు పదకొండేళ్ళ ముందే సరిదిద్దబోయి విఫలమయ్యానని లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా నమోదు చేశారు.

దీనికి విరుగుడు కూడా పాతదే. ప్రతి ప్రోగ్రాముకూ దాని పనికి చాలినంత అధికారమే ఇవ్వాలన్న కనిష్ఠ అధికార సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లోనే ప్రతిపాదించారు. 1999లో వెలువడిన లినక్స్ 2.2 కెర్నెల్ రూట్ అధికారాన్ని విడివిడి హక్కులుగా పంచే సదుపాయం తెచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులో ఒక్కొక్క యాప్‌నూ ఒక్కొక్క ప్రత్యేక వినియోగదారుడిగా పరిగణించే పద్ధతి కూడా ఈ ఆలోచనకు కొనసాగింపే. అధికారాన్ని అరువివ్వడం మానేస్తే కంప్యూటరు పనికి రాదు; అరువిచ్చిన దానికి హద్దు గీయకపోతే భద్రత మిగలదు. కాబట్టి ప్రోగ్రాములు రాసేవారు అడిగే హక్కులను తగ్గించుకోవడం, వాడేవారు భద్రతా సవరణలను వాయిదా వేయక స్వీకరించడం తప్పనిసరి కర్తవ్యాలు.