షికాగో అరల్లో మన మాట

షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో దొరకని సరుకు తక్కువ. పాత గెజిటీర్లు, దేశపటాలు, ఛాయాచిత్రాలు, 1913-1929 మధ్య గ్రామఫోను పలకల మీదికెక్కిన గొంతులు. బ్రౌను నిఘంటువు 1903 నాటి కూర్పు ఉంది, 1991 నాటి గ్విన్ నిఘంటువూ ఉంది.

నేను మాత్రం గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం దగ్గర ఆగిపోయాను. 1906లో అచ్చయిన పుస్తకం. మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు ఆ సర్వే పరిధిలోకి రాలేదు. అంటే తెలుగువారి నట్టిల్లే లెక్కలో లేదు! అందువల్ల అందులో తెలుగు మాండలికాలుగా ఎక్కినవి ప్రధానంగా వలస వెళ్లినవారివే: బొంబాయి కామాఠీలది, చాందా సాలెవారిది, రాళ్లు కొట్టే వడ్డెర్లది, కోమట్లది. బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథను వారి వారి పలుకుల్లో చెప్పించి రాసుకున్నారు.

మనది సంకరభాష అని అటువారూ ఇటువారూ నవ్వుతూనే వచ్చారు. ఆ నవ్విన పలుకుకే పేరుపెట్టి, ఊరు చూపి, వ్యాకరణం రాసిన పుటలివి. సోలాపురంలోనైనా, హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా మన పెద్దల మాటను ఊరు, సంవత్సరం వేసి ఇప్పుడే రాసి ఉంచుకుందాం. మరో గ్రియర్సన్ కోసం ఎదురుచూడనక్కరలేదు.