హంబరు సైకిలు ఆచూకీ

రాజుల చరిత్రకు శాసనములు కలవు. కవుల చరిత్రకు తాళపత్రములు కలవు. బ్రతుకుతెరువునకై ఊరు విడిచి వచ్చిన సామాన్య కుటుంబీకుల చరిత్రకు ఈ రెండును లేవు. వారు వాడి విడిచిన వస్తువులే వారి శాసనములు. అట్టి వస్తువులలో ఒకటైన హంబరు సైకిలును ఈ బెంగుళూరు నగరమున వెదకిన వృత్తాంతమును పాఠకులకు విన్నవించుచున్నాను.

ఈ వెదకులాటకు మూలము నా తప్పిదమే. మా తాతగారు అనంతపురము ప్రాంతమునుండి వచ్చి, చిక్కపేటలో ఒక బట్టల దుకాణమున గుమాస్తాగా కుదిరిరి. కొన్ని యేండ్ల జీతమునుండి కూడబెట్టి ఒక హంబరు కొనిరి. ఆయన గతించిన తరువాత అది మేడమెట్ల క్రింద చాలకాలము పడియుండెను. ఇల్లు పడగొట్టి కట్టించునాడు దానిని గుజరీవానికి తూకమునకు ఇచ్చివేసితిమి. అతడిచ్చిన పైకము లెక్కపెట్టుకొన్నది నేనే. కొన్నాళ్ళకు మా మనుమడు, "తాతా, పెద్దతాతగారి సైకిలు ఎట్లుండెడిది?" అని అడిగినప్పుడు, చూపుటకు ఒక ఛాయాచిత్రమైనను ఇంట లేకపోయెను. నాటినుండి ఆ జాతి సైకిలు మరియొకటి ఎచ్చటనైన మిగిలియున్నదేమో చూడవలెనను పట్టుదల నాకు కలిగినది.

బెంగుళూరునకు సైకిలుతో గల సంబంధము మొదట గ్రహింపవలసియున్నది. కెంపేగౌడుని నాటి పేట కాలినడకకు సరిపోవు ఊరు. 1809లో దానికి తూర్పున దండు వెలసినది. 1898లో ప్లేగు వ్యాపించిన పిమ్మట ఇరుకు వీథులు విడిచి జనులు మల్లేశ్వరము, బసవనగుడి మొదలగు క్రొత్త పేటలకు తరలిరి. ఇల్లొకచోట, కొలువొకచోట అయినది. 1940లో హిందూస్థాన్ విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము, 1953లో గడియారములకు పేరొందిన హెచ్.ఎం.టి., 1954లో భారత్ ఎలెక్ట్రానిక్సు నెలకొన్నవి. కర్మాగారపు వేళకు కాలు మోపవలసిన వానికి సైకిలే గతి. గుమాస్తా, ఉపాధ్యాయుడు, పాలవాడు, పూలవాడు, అందరును దానినే నమ్ముకొనిరి. సైకిలునకు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకొనుట, చీకటి పడగానే దీపము వెలిగించుట, ఇద్దరెక్కినచో పోలీసువానికి దొరకకుండ సందు మళ్ళుట, ఇవన్నియు నాటివారికి నిత్యకృత్యములు.

ఇక హంబరు మాట. 1868 ప్రాంతమున ఇంగ్లండులోని నాటింగ్‌హాము పట్టణమున థామస్ హంబరు అను పనివాడు కాలితో త్రొక్కు బండ్లు తయారుచేయ మొదలుపెట్టెను. 1885లో స్టార్లీ రెండు సమచక్రముల రోవరు సైకిలును, 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టిన తరువాత ఈ వాహనము లోకమంతట వ్యాపించినది. హంబరు కంపెనీ మోటారుకార్లకు మళ్ళి, తన సైకిలు వ్యాపారమును 1932లో రాలీ కంపెనీవారికి అమ్మివేసెను. అప్పటినుండి హంబర్లు రాలీవారి నాటింగ్‌హాము కర్మాగారముననే తయారైనవి. అయినను పాత ఇంటిపేరును, పాత గుర్తును వారు చాలకాలము నిలిపియుంచిరి.

ఆ గుర్తే ముందుచక్రపు ఫోర్కు. మిగిలిన సైకిళ్ళకు చక్రమున కిరుప్రక్కల ఒక్కొక్క గొట్టము ఉండగా, దీనికి రెండేసి సన్నని గొట్టములు జంటగా దిగియుండును. దూరమునుండియే పోల్చుకొనవచ్చును. మరియొక ఆనవాలు చైన్ వీలు: దాని నడుమ ఐదుగురు మనుష్యుల బొమ్మలు పరుగెత్తుచున్నట్లు కోసి యుండును. రాలీకి కొంగ, రడ్జికి అరచేయి, బి.ఎస్.ఏ.కు మూడు తుపాకులు ఎట్లో, హంబరునకు ఈ ఐదుగురు అట్లు.

ఇంతవరకు సులభమే. ఈ గుర్తులే వెదకువానిని తప్పుదారి పట్టించుట కూడ కలదు. స్వాతంత్ర్యానంతరము విదేశీ దిగుమతులపై ఆంక్షలు బిగిసినవి. 1949లో మద్రాసు చెంత అంబత్తూరున టి.ఐ. సైకిల్సు వెలసి హెర్క్యులీసు బండ్లను తీసినది. 1952లో బెంగాలు రాష్ట్రపు ఆసన్‌సోల్ చెంత సేన్-రాలీ కర్మాగారము వెలసి, రాలీవారి పేర్లతోనే స్వదేశపు సైకిళ్ళను తయారుచేసినది. వానిలో హంబరు పేరును కలదు. ఆ సంస్థ 1980లో పార్లమెంటు చట్టముచే జాతీయము చేయబడి, తరువాత మూతపడినది. కావున హంబరను పేరు కనబడినంత మాత్రమున అది నాటింగ్‌హామునుండి ఓడనెక్కి వచ్చినదని చెప్పుటకు వీలులేదు. ఇంగ్లీషు హంబర్లలో సైతము అన్నిటికిని జంటగొట్టముల ఫోర్కు లేదు. తరువాతి కాలపు చవుక రకములకు మామూలు ఫోర్కే వేసిరి.

అందుచే ఆనవాళ్ళను ఒకదానితో ఒకటి సరిపోల్చవలెను. ఫ్రేము సంఖ్య సాధారణముగ సీటు గొట్టము పైకొసన చెక్కబడియుండును. వెనుకచక్రమునకు స్టర్మీ-ఆర్చరువారి మూడు వేగముల హబ్బు ఉన్నచో, యుద్ధానంతరపు హబ్బులపై సంవత్సరపు కడపటి రెండంకెలును నెల అంకెయు కనబడును. కాని చక్రము మారినచో హబ్బును మారును. పన్నుబిళ్ళపై నున్న సంవత్సరము పన్ను కట్టిన సంవత్సరమేగాని సైకిలు పుట్టిన సంవత్సరము కాదు. పైరంగు ఎన్నిమారులు పూయబడినదో చెప్పుటకు లేదు. మూడు నాలుగు సాక్ష్యములు ఒక్కమాట చెప్పినప్పుడే నమ్మదగును.

ఈ జ్ఞానమును మూటగట్టుకొని ఆదివారపు సంతలలో, పాత యినుము కొట్లలో, ముసలి మెకానిక్కుల పందిళ్ళ క్రింద కొన్ని సంవత్సరములు తిరిగితిని. అలసూరున ఒక కొట్టులో ఐదుగురు మనుష్యుల చైన్ వీలు మేకునకు వ్రేలాడుచుండెను. దాని సైకిలు ఏమైనదో కొట్టువానికే తెలియదు. మరియొకచోట జంటగొట్టముల ఫోర్కు వేరొక కంపెనీ ఫ్రేమునకు అమర్చబడి, నీటిబిందెలను మోయుచుండెను. హంబరని చెప్పి ఒకరు పిలిచి చూపినది ఆసన్‌సోల్ సైకిలు. ఆయన మొగము చిన్నబోకుండ, అదియు మన దేశ చరిత్రయే కదా యని చెప్పి వచ్చితిని. ఆ మాట ఓదార్పునకు చెప్పినదైనను, తలచి చూడగా నిజమే.

కడపట మల్లేశ్వరమున ఒక తెలుగు ఉపాధ్యాయుని ఇంట నేను కోరినది కనబడినది. జంట ఫోర్కు ఉన్నది. ఐదుగురు మనుష్యులు ఉన్నారు. ఫ్రేము సంఖ్య చెదరలేదు. కాని రిమ్ములు, టైర్లు స్వదేశపువి, సీటు క్రొత్తది, వెనుక క్యారియరును ఏ కమ్మరియో కొట్టి చేసియుండెను. మొదట నాకు నిరాశ కలిగినది. అంతలో ఆ ఇంటి వృద్ధురాలు క్యారియరును చూపి, "నాయనా, ఇది మా పిల్లలిద్దరిని బడికి తీసికొనిపోవుటకు మావారు చేయించినది. ముందు నా పెద్దకొడుకు కూర్చుండెడివాడు, వెనుక అమ్మాయి" అని చెప్పెను. నేను లోపమనుకొన్నదే ఆ సైకిలునకు ముఖ్యమైన శాసనమని అప్పుడు తోచినది.

ఇంగ్లండునుండి వచ్చిన సైకిలు ఇక్కడ యింతకాలము నిలుచుటకు కారణము అద్దాల బీరువా కాదు, మరమ్మతు. ఇరువది ఎనిమిది అంగుళముల ఒకటిన్నర టైరు మన దేశపు సైకిళ్ళకును అదే కొలత కావుటచే, టైరు దొరకక మూలపడవలసిన గతి వీనికి పట్టలేదు. పెడలు ఇరుసు తిరుగు గొట్టములో మాత్రము చిక్కు ఉన్నది: రాలీవారి మరకు అంగుళమునకు ఇరువదియారు చుట్లు, మామూలు సామానునకు ఇరువదినాలుగు. తెలియని మెకానిక్కు బలవంతముగా బిగించినచో మర చెడి ఫ్రేము పనికిమాలినదగును. తెలిసినవాడు పాతదానినే అరగదీసి, గుండ్లు మార్చి, నూనె వేసి, మరి పదియేండ్లు నడిపించును. అట్టి పేరులేని పనివారి నేర్పే ఈ సైకిళ్ళను నేటివరకు బ్రతికించినది.

ఇప్పుడు పాత సైకిళ్ళపై వేడుక పెరిగినది. మిక్కిలి సంతోషము. కాని నాలుగు సైకిళ్ళ భాగములు ఒకటిగా కూర్చి, మెరుగు పెట్టి, పుట్టినప్పటి రూపమిదేయని అమ్మువారును ఉన్నారు. క్రొత్త భాగము వేయుట తప్పు కాదు. వేసినట్లు చెప్పకపోవుట తప్పు. నా దృష్టిలో ఇంటివారి మార్పులతో నున్న సైకిలే, మార్పులన్నిటిని చెరిపి మెరిపించినదానికంటె విలువ గలది. ఒకటి కంపెనీ చరిత్ర మాత్రము చెప్పును. మరియొకటి కంపెనీ చరిత్రతోబాటు కాపురపు చరిత్రయు చెప్పును.

కావున ఈ నగరమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారికి ఒక మనవి. మీ మేడమెట్ల క్రింద, వెనుక వరండాలో, పాత సైకిలు ఉన్నచో తూకమునకు ఇచ్చుటకు ముందు ఒక్కమారు ఫోర్కును, చైన్ వీలును చూడుడు. సంఖ్యను వ్రాసికొనుడు. హంబరు కాకున్నను సరే, దానిని కొన్నవారెవరు, ఎచ్చటికి పోవుచుండిరి, క్యారియరుపై ఎవరు కూర్చుండిరి అను సంగతులను ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితముపై ఎక్కించుడు. వస్తువు దక్కకపోయినను వార్త దక్కును.

మా తాతగారి సైకిలు ఏ కొలిమిలోనో కరగి, నేడు ఎవరి యింటి కిటికీ కమ్ములుగనో నిలిచి యుండవచ్చును. మల్లేశ్వరపు హంబరును చూపుటకు మనుమని వెంటబెట్టుకొని పోయితిని. అతడు జంటగొట్టములను చేతితో తడిమి, "పెద్దతాతగారిది ఇట్లే ఉండెడిదా?" అని అడిగెను. "ఇట్లే" అంటిని. ఆపై నాకు జ్ఞాపకమున్నంతవరకు ఆయన కథను ఇంటికి వచ్చుదారి పొడుగున చెప్పుచు వచ్చితిని.